చేప బతికి తిరిగి వెళ్లవలసిన పోటీకి నియమాలు

సంక్రాంతి దాటి సముద్రం నెమ్మదించిన తరువాత, ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యే లోపుగా, యారాడ కొండకు అవతలి నీళ్లలో ఒక చిన్న ఫ్లై ఫిషింగ్ పోటీ పెట్టుకోవాలని విశాఖపట్నంలో గాలం వేసే అలవాటున్న మా మిత్రులు కొందరు అనుకుంటున్నారు. దానికి నియమావళి రాసే పని నాకు అప్పగించారు. బహుమతి డబ్బు లేని, పది మందికి మించని పోటీకి ఇంత రాతకోతలు ఎందుకని ఒకరిద్దరు నవ్వారు గాని, గాలం దారం కొసన ఉండే సన్నని తంగూసు, అంటే టిప్పెట్, ఎంత గట్టిగా ఉండాలని అందరికంటే ముందు వాదనకు దిగినవారూ వారే. ఆ వాదనలు వింటూ, ప్రపంచంలో ఈ ఆటకు ఉన్న నియమాలను మరొకసారి శ్రద్ధగా చదివినప్పుడు నాకు తోచిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. మామూలు గాలంలో సీసపు గుండు బరువో ఎర బరువో దారాన్ని తన వెంట తీసుకుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈకలు, వెంట్రుకలు, మెరిసే పోగులు గాలానికి చుట్టి చేసిన ‘ఫ్లై’కి చెప్పుకోదగిన బరువు ఉండదు కనుక, లావుపాటి దారాన్నే రాడ్‌తో వెనక్కీ ముందుకీ ఝళిపించి, ఆ దారపు బరువుతోనే ఫ్లైని చేప ముందు వాలేలా వేయాలి. ఏరుల్లోని ట్రౌట్ చేపల కోసం పుట్టిన ఈ విద్య సముద్రానికి వచ్చేసరికి టార్పన్, కొమ్ముకోనాం, పార వంటి బలమైన చేపలతో తలపడవలసి వచ్చింది. నియమాల అవసరం కూడా అక్కడే పెరిగింది.

ఈనాడు చాలా పోటీలు ఆధారంగా తీసుకునే నియమాలు అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్‌వి. 1939లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పుట్టిన ఈ సంస్థను అందరూ ఐజీఎఫ్ఏ అంటారు. ఫ్లైతో పట్టిన సముద్రపు చేపల రికార్డులను మొదట సాల్ట్ వాటర్ ఫ్లై రాడర్స్ ఆఫ్ అమెరికా అనే వేరొక సంఘం చూసుకునేది. 1978లో ఆ బాధ్యత ఐజీఎఫ్ఏకు చేరింది.

ఆ నియమాలన్నింటికీ గుండెకాయ ఫ్లైకి ముందుండే కొన్ని అంగుళాల తంగూసు. దానినే క్లాస్ టిప్పెట్ అంటారు. అది ఎంత బరువుకు తెగుతుందో దాన్ని బట్టి రికార్డుల కోసం 2, 4, 6, 8, 12, 16, 20 పౌండ్ల తరగతులు ఉన్నాయి, అంటే ఒక కిలో నుంచి పది కిలోల వరకు. ముడుల మధ్య ఆ టిప్పెట్ కనీసం 15 అంగుళాలు, సుమారు 38 సెంటీమీటర్లు, ఉండాలి. దానికీ ఫ్లైకీ నడుమ, చేప గరుకు దవడకు తెగిపోకుండా లావుపాటి షాక్ టిప్పెట్ కట్టుకోవచ్చు గాని, అది ముడులతో కలిపి 12 అంగుళాలు, సుమారు 30 సెంటీమీటర్లు, దాటకూడదు. ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి కాపలా. క్లాస్ టిప్పెట్‌ను రెండు అంగుళాలకు కుదించి, మిగిలినదంతా మోకులాంటి తంగూసు కట్టుకునే వీలుంటే, చేప తోకతో కొట్టినా మొప్పల అంచుతో కోసినా దారానికి ఏమీ కాదు. అప్పుడు తరగతి అంకె కాగితం మీద మాత్రమే మిగులుతుంది. అందుకే రికార్డు కోరేవారు ఫ్లైని, టిప్పెట్‌ను, దానిని లావుపాటి దారానికి కలిపే లీడర్‌ను విడదీయకుండా, ఆ లావుపాటి దారం (ఫ్లై లైన్) ఒక అంగుళంతో సహా పంపాలి. పంపిన టిప్పెట్‌ను తడిపి, తెగేవరకు లాగి చూస్తారు. డబ్బా మీద రాసిన అంకె కంటే గట్టిగా ఉండే తంగూసు బజారులో చాలానే దొరుకుతుంది కనుక ఈ పరీక్ష లేకపోతే నియమం నిలవదు.

ఈ ఏర్పాటులో నాకు నచ్చినది ఏమిటంటే, నియమం మనిషి బలాన్నే తగ్గిస్తుంది. చేతిలోని రాడ్ ఎంత ఖరీదైనదైనా, రీలు ఎంత గొప్పదైనా, చేపకూ మనిషికీ మధ్య తెగిపోగల ఒక బలహీనమైన చోటు తప్పనిసరిగా ఉండాలని అది శాసిస్తుంది. అయితే ఆ న్యాయాన్ని ఆలోచించిన కాలంలో పోటీ చివర చేప చచ్చిపోయేది. బరువు రికార్డు కావాలంటే చేపను నడిసముద్రంలో పడవ మీద తూచితే చెల్లదు, గట్టి నేల మీద తూచాలి. మనిషంత టార్పన్‌ను ఒడ్డుకు తెచ్చి, త్రాసుకు వేలాడదీసి, తిరిగి బతికించి పంపడం అయ్యే పని కాదు. 1982లో ఫ్లోరిడాలోని హోమోసాసా దగ్గర బిల్లీ పేట్ 16 పౌండ్ల టిప్పెట్‌తో 188 పౌండ్ల టార్పన్‌ను పట్టారు. 2001లో ఆ తీరంలోనే జిమ్ హాలండ్ జూనియర్ 20 పౌండ్ల టిప్పెట్‌తో 202 పౌండ్లు దాటిన చేపను పట్టారు. ఆ నేర్పును నేను తక్కువ చేయను గాని, అవి త్రాసు లెక్కలు.

తరువాత కాలం మారింది. ఫ్లోరిడా దీవుల్లోని ఇస్లమొరాడాలో 1964 నుంచి జరుగుతున్న గోల్డ్ కప్ టార్పన్ పోటీ మొదట్లో చంపి తూచిన చేపలతోనే నడిచి, క్రమంగా పట్టి వదిలే పద్ధతికి వచ్చింది. 2013లో ఫ్లోరిడా ప్రభుత్వం టార్పన్‌ను పట్టి వదలవలసిన చేపగానే చేసి, 40 అంగుళాలు మించినదాన్ని నీటిలోంచి పైకి తీయకూడదని నిర్ణయించింది. ఐజీఎఫ్ఏ కూడా 2011లో పొడవు రికార్డులను ప్రవేశపెట్టింది. వాటిలో చేపను సంస్థ ఆమోదించిన కొలబద్ద మీద కొలిచి ప్రాణాలతో వదలాలి. చేప బతకాలన్న షరతు వచ్చాక, పాత న్యాయం ఒకచోట తలకిందులవుతుందని నా అభిప్రాయం. దారం ఎంత సన్ననిదైతే కీర్తి అంత పెద్దదని పాత లెక్క. సన్నని దారంతో గట్టిగా లాగలేము కనుక పోరాటం సాగుతుంది, సాగేకొద్దీ చేప కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, వదిలిన తరువాత అది సొరకు దొరికిపోయే ప్రమాదం పెరుగుతుంది. వెచ్చని నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తక్కువ కనుక మన బంగాళాఖాతం వంటి చోట ఈ కష్టం ఇంకా ఎక్కువ. అటువంటప్పుడు 4 పౌండ్ల టిప్పెట్‌తో పెద్ద చేపను గంటసేపు ఆడించి వదిలినవాడిని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు.

అందువల్ల మా పోటీకి అందరూ 20 పౌండ్ల టిప్పెట్ ఒక్కటే వాడాలని రాశాను. చేప తగిలిన 20 నిమిషాలలో చేతికి రాకపోతే దారం తెంచేయాలని కూడా చేర్చాను. రాడ్‌ను చేప వైపే సూటిగా చాచి, రీలు తిరగకుండా పట్టుకుంటే క్లాస్ టిప్పెట్ దగ్గర తెగిపోతుంది. సొర వెంటపడినప్పుడు టార్పన్‌ను కాపాడటానికి ఫ్లోరిడాలోని అనుభవజ్ఞులు చేసేదీ అదే. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే పటకారుతో అణచి ఉంచితే, తెంచిన ఫ్లై చేప నోటి నుంచి త్వరగా జారిపోతుంది. చేప చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 800తో భాగిస్తే అంగుళాల నుంచి పౌండ్లలో బరువు అంచనా వస్తుందన్నది పాత సూత్రం. దానిని కూడా వద్దన్నాను. నడుము చుట్టూ టేపు వేయడానికి పట్టే సమయం చేపకు భారం, పైగా టేపును కాస్త వదులుగా పట్టుకుంటే రెండు పౌండ్లు ఊరికే కలుస్తాయి. తడి కొలబద్ద, తడి చేతులు, మూతి నుంచి తోక చీలిక వరకు పొడవు, ఒక ఫోటో చాలు.

పడవ గురించిన నియమం మీద కొంత చర్చ జరిగింది. ఫ్లై వేసేటప్పుడూ, వెనక్కి లాగేటప్పుడూ ఇంజిను గేరులో ఉండకూడదని ఐజీఎఫ్ఏ అంటుంది. 1962లో పనామా తీరంలో డాక్టర్ వెబ్‌స్టర్ రాబిన్సన్ ఫ్లైతో కొమ్ముకోనాంను పట్టిన పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. గాలం లేని ఎరను పడవ వెనుక లాగి చేపను పైకి రప్పించి, పడవను ఆపి, ఆ ఎరను లాగేసి, దాని స్థానంలో ఫ్లైని విసిరారు. పడవ కదులుతూనే ఉంటే ఫ్లై పడవ వెనుక ఈడ్చుకు వచ్చే ఎర అవుతుంది గాని విసిరిన ఎర కాదు. మా వాడొకడు సన్నగా గాలి తోసినా పడవ కదులుతుంది కదా అన్నాడు. గాలి తోయవచ్చు, ఇంజిను తోయకూడదు. ఫ్లైకి రొయ్య నూనె వంటి వాసన పూయకూడదని, చేప తగిలిన క్షణం నుంచి మరొకరి చేయి రాడ్‌కూ దారానికీ తగలకూడదని చెప్పే నియమాలు మాత్రం ఏ వాదనా లేకుండా అంగీకారం పొందాయి.

నియమావళిలో రాయడానికి కష్టమైనవి మరికొన్ని ఉన్నాయి. ఫ్లోరిడా దీవుల్లో టార్పన్ గుంపులు తీరం వెంట బారులుగా సాగుతాయి. వాటి దారిలో పడవలు ఒకదాని తరువాత ఒకటి లంగరు వేసుకుని కూర్చుంటాయి. ఆలస్యంగా వచ్చినవాడు ముందున్న పడవకు ఎదురుగా వెళ్లి నిలబడడు, దూరంగా చుట్టి వెళ్లి వరుసలో తన చోటు చూసుకుంటాడు. ఎదురుగా నిలబడినా పోటీ నుంచి ఎవరూ తొలగించకపోవచ్చు గాని, ఆ పేరు మాత్రం రేవులో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. మన నీళ్లలో ఈ మర్యాద మొదట చెందవలసింది మన పోటీదారులకు కాదు, అక్కడ బతుకు తెరువు కోసం వల వేసినవారికి. నీటి మీద వల బెండ్లు కనిపిస్తే ఆ మేరకు పోటీ లేనట్లే భావించాలని, చేపల గుంపు మీదకు పరుగెత్తిన పడవకు ఆ గంట లెక్క ఉండదని రాశాను. ఇది ఏ విదేశీ పుస్తకంలోనూ ఉండవలసిన అవసరం లేదు, ఇక్కడ మాత్రం ఉండాలి.

పడవ మాట్లాడటానికి జాలారిపేట వెళ్లినప్పుడు, తెప్ప మీద పెరిగి మోటారు పడవ వరకు వచ్చిన ఒక పెద్దాయన మా పోటీ సంగతంతా ఓపికగా విని, “పట్టిన సేపని మల్లీ ఒగ్గెయ్యడానికి ఇంత కరుసేటి బాబూ?” అని అడిగారు. తినే చేపను తినడానికి పట్టడంలో ఏ తప్పూ లేదు, నేనూ వంజరం ముక్క వదిలేవాడిని కాను. ఆటకోసం పట్టినదాన్ని మాత్రం తిరిగి పంపడం ఆట సభ్యత అని నేను చెప్పినదానికి ఆయన పూర్తిగా ఒప్పుకున్నట్లు కనిపించలేదు. అయినా పడవ ఇస్తామన్నారు, అంతేకాక ఏ చేప బతుకుతుందో ఏది బతకదో దాని కన్ను చూసి, వదిలాక అది నిటారుగా నిలబడే తీరు చూసి చెప్పగలనన్నారు. నాకు ఆ మాట విలువైనదిగా తోచింది.

ఎందుకంటే మాలో ఇంకా తెగని నియమం అదే. వదిలిన చేప తేరుకోకపోతే దానికి మార్కులు ఇవ్వకూడదని నా వాదన. అలా అయితే చావబోయే చేపను కెమెరాకు కనబడకుండా తోసేసి, బతికింది అనేవారు వస్తారని ఒక మిత్రుడి అభ్యంతరం. అది సరైన అభ్యంతరమే. తీర్పు పోటీదారుడికి వదలకుండా పడవ నడిపే పెద్దాయనకు ఇద్దామని, చచ్చిన చేప వృథా కాకుండా పడవవారికే చెందేలా చూద్దామని నేను సూచించాను. అప్పుడు మరొకడు, చేప తనకే వస్తుందంటే ఆయన తీర్పులో ఎన్ని చేపలు బతుకుతాయని అడిగాడు. నవ్వినా, ఆ ప్రశ్నలో ఉన్న న్యాయం కాదనలేనిది. చివరికి ఒక పడవలో చచ్చిన చేప రెండో పడవ కళాసీలకు వెళ్లాలని ముసాయిదాలో రాశాను. పెద్దాయనకు చెప్పినప్పుడు, రెండో పడవ కూడా తన తమ్ముడిదేనని చెప్పారు. కనుక మూడో పడవ కోసం భీమిలి వైపు అడుగుతున్నాము.