కాలువ మొదలయ్యే చోటికి

నరసాపురం కాలువలో నేను బాప్తిస్మం తీసుకున్నది జనవరి చలిలో. తెల్లచీరతో మునిగి లేచి, వణుక్కుంటూ గట్టెక్కాను. సంఘంలో నేను ఆంటీ అని పిలిచే ఆవిడ తువ్వాలు తెచ్చి నా తల తుడవడం మొదలుపెట్టారు. "జలుబు చేస్తుందే తల్లీ" అంటూ జడ విప్పి, పాయలు విడదీసి, చెవుల వెనక కూడా తుడిచారు. అప్పటికి నాకు 26 ఏళ్ళు. నాకు ఊహ తెలిశాక ఒకరు నా తల తుడవడం అదే మొదటిసారి. నీళ్ళలో రాని ఏడుపు ఆ తువ్వాలు కింద వచ్చింది.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ కువైట్ వెళ్ళింది. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. శుక్రవారం ఫోన్ చేసేది. డబ్బులు అందాయా, చదువుకుంటున్నావా, నాన్నకివ్వు. అంతే. సెలవుకొచ్చినప్పుడు నేను తలుపు చాటున నిలబడేదాన్ని. దగ్గరికి రమ్మని తనూ పిలిచేది కాదు. నాన్న తాగడు, కొట్టడు. అన్నం వండి, నా కంచంలో పెట్టి, తన కంచం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "ఇదిగో" అనేవాడు. "నీకేం తక్కువే?" అని చుట్టాలు అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట ఉండేది కాదు.

డిగ్రీ అయ్యాక లేసు వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర లెక్కలు రాసే పనిలో చేరాను. అల్లిన లేసు ఇవ్వడానికి ఆంటీ అక్కడికి వచ్చేవారు. మిషనరీలు ఈ ప్రాంతపు ఆడవాళ్ళకి నేర్పిన పని అది. మొదటిసారి నా పేరు అడిగారు. తర్వాతి వారం ఆ పేరుతోనే పిలిచారు. ఓరోజు నేను జ్వరంతో కూర్చునుంటే పక్కనే నిలబడి, నా పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు. దేవుడి దగ్గర నా గురించి ఒకరు మాట్లాడటం! ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత వాళ్ళింట్లో యెషయా 43వ అధ్యాయం చదివాం. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు." ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

బాప్తిస్మం అయిన ఏడాదికి ఆంటీయే అన్నారు, "నువ్వు మునిగిన నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చూద్దువుగాని, పద."

పాలకొల్లులో బస్సెక్కాం. మార్టేరు, పెనుగొండ దాటి సిద్ధాంతం వంతెన మీద గోదావరి కనిపించగానే ఆంటీ చీర కొంగు సర్దుకుని కళ్ళు మూసుకున్నారు. రావులపాలెంలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక. దారంతా ఆవిడ కబుర్లే. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు భార్యలతో ఓడెక్కి రావడం, తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త పని మొదలవడం. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు వేలమంది కూలీలు చేరితే, బౌడెన్ వాళ్ళ మధ్యకి వెళ్ళి వాక్యం చెప్పడం. ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో పసిపిల్లలకీ తెలుసు. మట్టి మోసినవాళ్ళ పేర్లు మనకి తెలీవు. ఇల్లు వదిలి కూలికొచ్చిన ఆ మనుషుల్లో ఎవర్నో ఒకర్ని ఆ సాయంత్రాల్లో ఎవరైనా పేరు అడిగి ఉంటారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఆలోచనలోనే, ఎందుకో, మస్కట్‌లో, కువైట్‌లో పరాయి వంటిళ్ళలో నిలబడ్డ మా ఊరి ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అమ్మని అక్కడ ఏమని పిలిచేవారో నేనెప్పుడూ అడగలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి విజ్జేశ్వరం చేరేసరికి ఎండ ముదిరింది. పశ్చిమ డెల్టా కాలువలకి నీళ్ళు వదిలేది ఇక్కడే. తలుపుల కింద నుంచి నీళ్ళు నురగతో దూకి, కాస్త దూరం వెళ్ళేసరికి నెమ్మదిస్తున్నాయి. గట్టు మీద చెట్టు నీడలో పెరుగన్నం, ఆవకాయ తిన్నాం.

"నువ్వు చెయ్యి ఇవాళ" అన్నారు ఆంటీ. పైకి ప్రార్థన చెయ్యడం నాకు ఇంకా టెన్షనే. అమ్మ పేరు చెప్పాను. తర్వాత నాన్న పేరు. ఫారాల్లో ఎన్నిసార్లు రాశానో ఆ పేరు, నోటితో అంత మెల్లగా ఎప్పుడూ పలకలేదు. రెండోసారి పలికాను. మూడోసారి గొంతు పట్టేసింది. మిగతా ప్రార్థన ఆంటీ చేశారు, నాన్న పేరుతోనే.