టెన్ పిన్ కోసం ఇంకో బాల్

ఇవాళ బౌలింగ్ లీగ్ (బాల్ దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట) అయ్యి ఇంటికొచ్చాక కూడా ఆ టెన్ పిన్నే కళ్ళముందు ఆడుతోంది. మొదటి గేమ్‌లో నాలుగుసార్లు తొమ్మిది పడి, కుడి మూల అదొక్కటే నిలబడింది, రెండో బాల్‌తో దాన్ని కొట్టాలి, మూడు వదిలేశా, ప్రాణం ఉసూరుమంది. మూడూ ఒకేలా పోయాయి. స్ట్రైక్‌కి, అంటే మొదటి బాల్‌తోనే పదీ పడగొట్టడానికి, వాడే బాగా వంపు తిరిగే రియాక్టివ్ బాల్‌నే చెయ్యి తిప్పకుండా తిన్నగా వేద్దామనుకున్నా, కానీ మేం ఆడే లేన్ మీద పూసే ఆయిల్ మధ్యలో ఎక్కువ, అంచుల్లో పల్చన, ఎడమ నుంచి అడ్డంగా వేసిన బాల్ కుడివైపు ఆ పొడి బోర్డులు (లేన్ పొడవునా ఉండే సన్నటి పట్టీలు) ఎక్కగానే పట్టు దొరికి ఎడమకి తిరిగేసింది.

రెండో గేమ్ నుంచి ప్లాస్టిక్ బాల్ తీశా. కొని నెలయింది, లీగ్‌లో వాడటం ఇదే మొదలు. దానికి ఆయిల్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా పడదు, లేన్ 60 అడుగులూ దాదాపు గీత గీసినట్టు పోయింది. తర్వాత వచ్చిన టెన్ పిన్నులు మూడు, మూడూ కొట్టా! తిరిగొచ్చాక టవల్‌తో తుడుస్తుంటే దాని మీద ఆయిల్ గీత ఒక్కటే ఉంది సన్నగా, అదే రియాక్టివ్ మీదైతే నాలుగైదు గీతలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. రెండూ 15 పౌండ్లే, వేళ్ళ రంధ్రాలు కూడా ఒకే కొలతలో వేయించా, బరువు మారితే చెయ్యి ఊపే మారిపోతుంది, ఈ ఒక్క విషయంలో నేనసలు రాజీ పడను.

మూడో గేమ్‌కి ఆయిల్ అరిగిపోయి స్ట్రైక్ బాల్ మరీ ముందుగా తిరగడం మొదలెట్టింది, ఐదు బోర్డులు ఎడమకి జరిగి నిలబడాల్సొచ్చింది. "తక్కువ తిరిగేది ఇంకోటి తీసుకో తమ్ముడూ" అన్నాడు మా టీమ్ అన్న. నిజమే, తీసుకోవాలి, కానీ ఇప్పుడే కాదు. గేమ్‌లో పది ఫ్రేములూ (వంతులు) తొమ్మిది పడి, మిగిలినదాన్ని రెండో బాల్‌తో పడగొట్టి స్పేర్ కొట్టి, చివరి బాల్‌కి ఇంకో తొమ్మిది పడితే ఒక్క స్ట్రైక్ లేకుండానే 190 వస్తుంది, నా యావరేజ్ ఇంకా దాని దరిదాపుల్లో లేదు. ముందు ఈ ప్లాస్టిక్ బాల్‌తో చెయ్యి కుదరాలి.

గురువారం ప్రాక్టీస్‌కి ఇదొక్కటే పట్టుకెళ్తా, మొదటి గంట టెన్ పిన్, ఆ తర్వాత టైముంటే ఎడమ మూల సెవెన్ పిన్. టవల్ నిండా ఆయిలే, ఇప్పుడే నానబెట్టా.