అక్కని ‘అత్తా’ అనే పిల్లలకి ‘క’ ఎలా పలికిస్తాం

స్పీచ్ థెరపీ గదిలోకి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పే మొదటి మాట ‘నత్తి’. మాట మధ్యలో ఆగిపోయినా, ‘ర’ తిరగకపోయినా, ‘స’ పలికేటప్పుడు నాలుక పళ్ళ మధ్యకి వచ్చినా మన ఇళ్ళల్లో అన్నిటికీ అదే పేరు. వీటిలో దేని దారి దానిదే. ఒకదానికి చేసే సాధన ఇంకోదానికి పనికిరాదు. ఇక్కడ ఒక్కదాని గురించే వివరంగా రాస్తాను: ‘క’ బదులు ‘త’ పలకడం. అక్కని ‘అత్తా’ అని, కాకిని ‘తాతి’ అని, గోడని ‘దోడ’ అని అనడం. చిన్నపిల్లల్లో మాకు తరచుగా కనిపించేది ఇదే. సరిగ్గా చేస్తే బాగా కుదిరేది కూడా ఇదే.

ముందు వయసు చూడాలి. మూడేళ్ళ లోపు పిల్లలు ఇలా అనడం మామూలే, అప్పుడు థెరపీ అక్కర్లేదు. మూడున్నర దాటినా ‘తాతి’ దగ్గరే ఉంటే మాత్రం చూపించాలి. ‘ర’ విషయంలో ఇంత తొందర లేదు, అది ఆలస్యంగా వచ్చే శబ్దం. నాలుగేళ్ళ పిల్లాడు ‘రాముడు’ని ‘లాముడు’ అన్నాడని కంగారు పడక్కర్లేదు.

రెండోది వినికిడి. మాట్లాడించే ముందే ఆడియాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించాలి, ఇందులో మినహాయింపు లేదు. తరచూ జలుబు చేసే పిల్లల్లో మధ్యచెవిలో నీరు చేరుతుంది. పిలిస్తే పలుకుతారు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. శబ్దాల మధ్య సన్నటి తేడాలు మాత్రం మసకబారిపోతాయి.

ఆ తర్వాత టార్చి వేసి నోట్లో చూస్తాం. ‘ఆ...’ అనమని అంగిలి, కొండనాలుక చూడాలి. కొండనాలుక కొన రెండుగా చీలి ఉంటే అంగిలి లోపలి కండరం కూడా సరిగ్గా కలవకపోయి ఉండొచ్చు. చిన్న అద్దం ముక్కు కింద పెట్టి ‘పా పా పా’ అనిపిస్తే, అద్దం మీద ఆవిరి పడకూడదు. పడిందంటే నోట్లో నిలవాల్సిన గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. అలాంటి పిల్లల్ని ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి గానీ అంగిలి చీలికకి ఆపరేషన్ చేసే సర్జన్‌కి గానీ పంపాలి. గాలి నిలవని నోట్లో నెలల తరబడి ‘క’ కోసం కష్టపెట్టడం ఆ పిల్లలకి అన్యాయం.

‘నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందా?’ అని వారానికి ఒక్కరైనా అడుగుతారు. ‘క’కి నాలుక కొనతో పనే లేదు. కొన కింద పడుకుని ఉంటుంది, వెనక భాగం లేచి అంగిలిని తాకుతుంది. కొనకి ఉన్న కట్టు కోస్తే వెనక భాగం లేవదు. వస నాకించడమూ అంతే. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ పసిపిల్లలకి ఎంత పడుతోందో తెలియకుండా వస అరగదీసి పెట్టడం మంచిది కాదు, దానివల్ల నాలుక కదలికా మారదు.

శబ్దం ఎక్కడ పుడుతుందో తెలుగువాళ్ళకి అర్థం చేయించడం చాలా తేలిక. మన వర్ణమాలే నోటికి పటం. క వర్గం గొంతు దగ్గర మొదలవుతుంది. చ, ట, త వర్గాలు ఒక్కో అడుగు ముందుకొస్తాయి. ప వర్గం పెదాల దగ్గర ఆగుతుంది. ‘మీవాడు క వర్గాన్ని తెచ్చి త వర్గంలో పెడుతున్నాడు’ అంటే అమ్మమ్మలకి కూడా ఒక్కసారికే అర్థమవుతుంది.

పలికించే ముందు వినిపించాలి. అక్క–అత్త, నక్క–నత్త, కల–తల, కోట–తోట, కలుపు–తలుపు: ఒక్క శబ్దం మారితే అర్థమే మారిపోయే జంటలు మనకి కావలసినన్ని ఉన్నాయి. నక్క బొమ్మ, నత్త బొమ్మ పక్కపక్కన పెట్టి, నోరు కనపడకుండా ఒక కాగితం అడ్డం పెట్టుకుని ఏదో ఒకటి అంటాం. పిల్లాడు దాన్ని ముట్టుకోవాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చూపించేదాకా ‘నువ్వు చెప్పు’ అనకూడదు. తేడా పట్టుకోలేని పిల్లలకి పలికే సాధన పెడితే వాళ్ళకి మిగిలేది విసుగే.

ఇక అసలు పని. అద్దం ముందు పక్కపక్కన కూర్చుంటాం. చేతులు కడుక్కుని, గ్లవుజు వేసుకుని, కొత్త చెక్క స్పాచులా విప్పుతాం. పిల్లకొక చెక్క, వాడగానే పారెయ్యాలి. దాని కొసతో నాలుక కొనని కింది పళ్ళ వెనక మెల్లగా నొక్కి ఉంచి, ‘ఇప్పుడు తా అను’ అంటాం. ‘క’ అనమని అడగం, గమనించండి. ‘తా’ అందామని నాలుక కొన లేవబోతుంది, చెక్క లేవనివ్వదు. గాలిని ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి వెనక భాగం లేస్తుంది. ‘కా’కి దగ్గరగా ఒక మొద్దు శబ్దం వస్తుంది. పిల్లాడి కళ్ళు పెద్దవవుతాయి, అద్దంలోకి చూస్తాడు. ఆ క్షణంలోనే ‘అదే! మళ్ళీ’ అనాలి. పది నుంచి ఇరవైసార్లు అయ్యాక చెక్క తీసేసి వాడి వేలే పెట్టిస్తాం, తర్వాత వేలు కూడా తీయిస్తాం. చెక్క కొస నాలుక కొన దాటి లోపలికి పోకూడదు. ఒక్కసారి వాంతి వచ్చినట్టయితే ఆ వారమంతా పిల్లాడు నోరు తెరవడు.

చెక్క అంటే భయపడే పిల్లలకి వేరే దారులున్నాయి. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి ‘క్’ అనిపిస్తే నాలుక దాని బరువుకే వెనక్కి జారుతుంది. ‘గంగ’, ‘లంక’ సరిగ్గా అనగలిగే పిల్లలుంటారు. ఆ ‘ఙ్’ దగ్గర నాలుక వెనక భాగం లేచే ఉంటుంది. దాన్ని అలాగే సాగదీసి ‘ఙ్...కా’ అని వదిలిస్తే చాలు. నీళ్ళు పుక్కిలించడమూ పనిచేస్తుంది, కానీ కూర్చుని మాత్రమే, ఉమ్మేయడం వచ్చిన పిల్లలతోనే.

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. కొందరు పిల్లలు ‘క’ బదులు కాండ్రించినట్టు ‘ఖ్హ్’ అని గీరతారు. అంటే నాలుక అంగిలికి పూర్తిగా తగలక గాలి సందులోంచి రాసుకుంటూ పోతోంది. అప్పుడు గొంతు తగ్గించి, గుసగుసగా, చిన్నగా అనిపించాలి. ఇంకొందరు నాలుకని కదల్చకుండా గొంతులోనే గాలిని టక్కున ఆపుతారు. దూరం నుంచి వింటే ‘క’లాగే ఉంటుంది, మెచ్చుకుంటే అదే అలవాటైపోతుంది. అద్దంలో నాలుక వెనక భాగం లేస్తోందా లేదా చూసే ‘బాగుంది’ అనాలి.

అచ్చుల్లో ‘ఆ’, ‘ఓ’, ‘ఊ’లతో మొదలుపెట్టాలి: కా, కో, కూ. ‘కీ’, ‘కే’ చివరికి పెట్టుకోవాలి, ఎందుకంటే ‘ఈ’ అనేటప్పుడు నాలుక ముందుకొస్తుంది, ‘కీ’ మళ్ళీ ‘తీ’ అయిపోతుంది. కేకు, కిటికీ బొమ్మలు అందంగా ఉన్నాయని మొదటి వారమే తియ్యకండి.

ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు వర్క్‌షీట్లతో మన పిల్లలకి చిక్కు వస్తుంది. వాటిలో మాట మొదట్లో, మధ్యలో, చివర్లో అని మూడు అరలుంటాయి. చాలామంది పిల్లలకి చివరి ‘క్’ ముందు వస్తుంది కాబట్టి ‘బుక్’, ‘డక్’లతో మొదలుపెడతారు. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి, ‘క్’కి మనకి ఆ మూడో అర ఉండదు. దాని బదులు మనకి ద్విత్వం ఉంది: అక్క, ముక్క, చెక్క, పక్క, మొక్క. ‘క్క’ దగ్గర నాలుక అంగిలికి ఎక్కువసేపు ఆని ఉంటుంది, పిల్లాడికి సర్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. అందుకే నా మటుకు మాటల సాధన ‘అక్క’తోనే మొదలవ్వాలి. ‘అక్...’ అని ఆపి, కాసేపు పట్టుకుని, ‘...క’ అని వదిలించాలి. ఆ తర్వాత కప్ప, కాయ, కోపం, కోవా లాంటి మాటలు. కత్తి, తోక, కొత్త, చీకటి లాంటివి చాలా తర్వాత. ఒకే మాటలో ‘క’తో పాటు ‘త’ గానీ ‘ట’ గానీ ఉంటే ఒకటి ఇంకోదాన్ని లాగేస్తుంది, ‘కొత్త’ కాస్తా ‘తొత్త’ అవుతుంది.

నలభై ఐదు నిమిషాల సెషన్‌లో కనీసం వందసార్లు పలికించాలని పెట్టుకుంటాం. పది చింతపిక్కలు, ఒక గిన్నె. ఒక్కో ‘క’కి ఒక్కో పిక్క గిన్నెలో పడాలి, పది పడ్డాక ఒక నిమిషం ఆట. నోట్లో పెట్టుకునే పిల్లలైతే పిక్కల బదులు పెద్ద బ్లాకులు వాడాలి. ఒప్పుకి ప్లస్, తప్పుకి మైనస్, అప్పటికప్పుడే కాగితం మీద పడాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క ఎప్పుడూ మనకి అనుకూలంగానే వస్తుంది. పదికి ఎనిమిది వరసగా రెండు సెషన్లలో వస్తేనే పై మెట్టు: శబ్దం, అక్షరం, మాట, రెండు మాటలు, వాక్యం, కబుర్లు. ‘గ’కి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. చెయ్యి గొంతు మీద పెట్టించి అదరడం తెలియజేస్తే ‘క’ వెనకాలే ‘గ’ వచ్చేస్తుంది.

ఇంట్లో రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు కూర్చోబెడితే లాభం లేదు. అన్నం పెట్టేటప్పుడు ‘సరిగ్గా చెప్పు, కాకి అను’ అని నిలదీయకండి. పిల్లాడు ‘తాతి వచ్చింది’ అంటే ‘అవును, కాకి వచ్చింది. కాకి ఎక్కడ వాలింది?’ అని మనం రెండుసార్లు సరిగ్గా అంటే చాలు. అమెరికాలో, హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల తల్లిదండ్రులు తెలుగు మానేయమంటారా అని అడుగుతారు. మానక్కర్లేదు. నాలుక వెనక భాగం ఎత్తడం ఒకసారి పట్టుబడితే ‘కాకి’కీ ‘కార్’కీ అదే పనికొస్తుంది.

థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళే ముందు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది, ఈ వృత్తి చేయడానికి ఆ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. బీఏఎస్‌ఎల్‌పీ అనే నాలుగేళ్ళ డిగ్రీ చదివినవాళ్ళకి ఆ నంబరు వస్తుంది. అడిగినందుకు మంచి థెరపిస్ట్ ఎవరూ నొచ్చుకోరు.

‘క’ కుదురుకున్న కొన్ని వారాల్లో ఇంకో ఫోన్ వస్తుంది: ‘ఇప్పుడు తాతని కాక అంటున్నాడండీ!’ తెలంగాణ ఇళ్ళల్లో కాక అంటే బాబాయి, కాబట్టి ఇంట్లో గందరగోళం ఇంకాస్త ఎక్కువ. ఇది చెడిపోవడం కాదు. కొత్తగా వచ్చిన శబ్దాన్ని పిల్లలు అన్నిచోట్లా వాడి చూస్తారు. అప్పుడు మళ్ళీ నక్క–నత్త బొమ్మలు తీసి, ఈసారి పిల్లాడే చెప్పాలి, మనం ముట్టుకోవాలి. నత్త అందామనుకుని ‘నక్క’ అంటే మనం నక్కనే ముట్టుకుంటాం. ‘కాదు, అది కాదు!’ అని వాడే మళ్ళీ చెప్తాడు. ఎవరూ దిద్దకుండా ‘అత్... అక్కా’ అని కబుర్ల మధ్యలో తనే సర్దుకోవడం మొదలయ్యాక వారానికి రెండు సెషన్లని ఒకటి చేస్తాం, తర్వాత పదిహేను రోజులకొకటి. మూడు నెలల తర్వాత ఒకసారి పిలిచి, పది నిమిషాలు మామూలుగా కబుర్లు చెప్పించి రికార్డు చేసి, అందులో ‘క’లు లెక్కపెట్టి ఫైలు మూసేస్తాం.