సగటు ఫ్రేమ్ రేట్‌ను నమ్మను: గేమ్ రివ్యూలు రాయడంలో నా అనుభవం

రివ్యూ కోడ్ (రివ్యూ కోసం విడుదలకు ముందే కంపెనీ ఇచ్చే గేమ్ కాపీ) అందగానే ఆట మొదలుపెట్టను. ఏ మెషీన్, గేమ్ వెర్షన్ నంబర్ ఎంత, ఆడేది బొమ్మ నాణ్యతకు పెద్దపీట వేసే క్వాలిటీ మోడ్‌లోనా, వేగానికి పెద్దపీట వేసే పెర్ఫార్మెన్స్ మోడ్‌లోనా అన్నది ముందు రాసుకుంటాను. పీసీ అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ వెర్షన్ కూడా. విడుదల రోజు ప్యాచ్ (లోపాలు సరిదిద్దే అప్‌డేట్) వచ్చాక ఏ ఫిర్యాదు నిలిచిందో, ఏది పోయిందో తేల్చడానికి ఆ నంబరే ఆధారం.

ఒక మెషీన్ మీద చూసి అన్నిటికీ తీర్పు చెప్పకూడదు. 2020 డిసెంబర్ 10న వచ్చిన సైబర్‌పంక్ 2077కి ముందస్తు రివ్యూ కాపీలు పీసీకి మాత్రమే అందాయి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కన్సోళ్లలో ఆట ఎంత అధ్వానంగా ఉందో కొన్నాకే జనానికి తెలిసింది. వారం తిరిగేసరికి పీఎస్4 తయారీదారు సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది.

పీసీలో నా సమయం ఎక్కువగా స్టటర్ (ఆట మధ్యలో వచ్చే కుదుపు) దగ్గరే పోతుంది. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీద 60 ఫ్రేములు, అంటే బొమ్మలు) అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. నిమిషానికి వచ్చే 3,600 ఫ్రేముల్లో ఒక్కటి 100 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు 59.9 చూపిస్తుంది, కుదుపు మాత్రం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని చూపే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ చూస్తాను. కుదుపు వచ్చిన చోట సేవ్ మళ్లీ లోడ్ చేసి అదే పని, ఉదాహరణకు అదే బాంబు పేల్చడం, మళ్లీ చేస్తాను. రెండోసారి సాఫీగా సాగితే చాలావరకు అది షేడర్లు (వెలుగునీడలు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ కావడం, అంటే గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యే కోడ్‌గా మారడం వల్లే. ఆటలో ఒక ప్రాంతం సరిహద్దు దాటిన ప్రతిసారీ అదే చోట వస్తుంటే కొత్త ప్రాంతం డేటా లోడింగ్‌ను అనుమానిస్తాను. ప్యాచ్ తర్వాత మళ్లీ పరీక్షించేముందు షేడర్ క్యాష్ (అలా కంపైలై మెషీన్‌లో దాచి ఉన్న షేడర్లు) తుడిచేయాలి, లేదంటే కొత్తగా కొన్నవాళ్లు చూసేది మనకు కనిపించదు.

ఒక్కో రకం ఆట ఒక్కో చోట తెగుతుంది. ఫైటింగ్ గేమ్‌లో బటన్ ఆలస్యంగా పలుకుతోందని రాసేముందు టీవీ గేమ్ మోడ్‌లో (బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఉందో లేదో చూడాలి. 50 మిల్లీసెకన్ల ఆలస్యమంటే మూడు ఫ్రేములు, బ్లాక్ చేయాల్సిన దెబ్బ తగలడానికి అది చాలు. ఆ తప్పు టీవీది కావచ్చు. విడుదలకు ముందు సర్వర్లలో జనం ఉండరు కాబట్టి ఆన్‌లైన్ మీద తీర్పు అప్పుడే ఇవ్వను.

స్ట్రాటజీ గేమ్‌లో మొదటి గంటలు పెద్దగా ఏమీ చెప్పవు. మ్యాప్ నిండాక, టర్న్ ముగించిన క్షణం నుంచి మళ్లీ మన వంతు వచ్చేదాకా స్టాప్‌వాచ్ పెట్టి చూడాలి. ఆర్‌పీజీలో (ఒక పాత్రగా ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) పెద్ద నిర్ణయం ముందల్లా వేరే స్లాట్‌లో సేవ్ చేస్తాను. ఫలానా వస్తువు తెమ్మని ఆటలో పని అప్పగించకముందే ఆ వస్తువు తీసేసుకుని చూస్తాను, క్వెస్టులు (ఆటలో అప్పగించే పనులు) ఎక్కువగా విరిగేది అక్కడే. పజిల్ గేమ్‌లో ఇరుక్కుంటే ఆధారం కనిపించలేదా, కనిపించినా అర్థం కాలేదా అన్నది విడిగా రాసుకుంటాను. మొదటిది చాలాసార్లు డిజైన్ లోపం.

నింటెండో స్విచ్ కన్సోల్‌ను టీవీకి కలిపే డాక్ నుంచి తీసి, చేతిలో పట్టుకుని కూడా ఆడాల్సిందే. మొదటి మోడల్ తెర 6.2 అంగుళాలు, 1280×720. టీవీ కోసం దిద్దిన అక్షరాలు అందులో చదవలేనంత చిన్నవైపోతాయి.

బగ్ కనిపిస్తే రీలోడ్ చేయకముందే చివరి 30 సెకన్ల వీడియో సేవ్ చేసుకుంటాను. తర్వాత అదే వరసలో మూడుసార్లు ప్రయత్నిస్తాను. మళ్లీ రాకపోతే రివ్యూలో “ఒక్కసారే ఎదురైంది” అనే రాస్తాను.