మా చిన్న కారు టకటకలకు అసలు కారణం దొరికిన తీరు

కారు 70,000 కిలోమీటర్లు దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టకటకా శబ్దం మొదలైంది. విజయవాడలో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బండి కింద వంగి కూడా చూడకుండా ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. శబ్దం ఎక్కడ పుడుతోందో తెలియకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, శబ్దం మాత్రం ఉంటుంది.

ముందు డిక్కీ ఖాళీ చేశాను. జాకీ, స్టెప్నీ వదులుగా ఉన్నా అచ్చం సస్పెన్షన్ (చక్రాల కుదుపుని బండికి తగలనివ్వని స్ప్రింగులు, షాకుల అమరిక) పోయినట్టే వినిపిస్తుంది. అవన్నీ బిగించినా టకటక ఆగలేదు. అప్పుడు భవానీపురం సందుల్లో అద్దాలు దించుకుని, మెల్లగా నడుపుతూ విన్నాను. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగితే పెద్దగా శబ్దం లేదు. ఒక్క చక్రమే గుంతలో పడితే మాత్రం టక్ టక్.

ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ముందు సస్పెన్షన్ పనే చేస్తున్న ఒక పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. ‘షాకులు కాదు బాబూ, లింక్ రాడ్ అయ్యుంటుంది. చూద్దాం ఉండు’ అన్నారు. రెండు ముందు చక్రాలనూ కలిపే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. దాని రెండు చివర్లనూ సస్పెన్షన్‌కి పట్టి ఉంచేవి ఈ లింక్ రాడ్లు. చక్రాలు రెండూ కలిసి లేస్తే ఆ బార్‌కి పెద్దగా పని ఉండదు. ఒకటి లేచి ఇంకొకటి కిందే ఉంటే బార్ మెలిపడుతుంది. లింక్ రాడ్ చివరి బాల్ జాయింట్ అరిగిందంటే అది కొట్టుకునేది అప్పుడే.

బండిని పిట్ మీదకి తెచ్చి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి చూశారాయన. ఒక పక్కనే జాకీ వేసి లేపితే రాడ్ మీద బలం పడి బిగుసుకుంటుంది, జాయింట్ వదులైందో లేదో తెలియదట. ‘పట్టుకో’ అంటే నేనే రాడ్ పట్టుకుని ఊపాను. చేతికి స్పష్టంగా టక్కుమంది. జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలి గ్రీజు ఎండిపోయి, మట్టి చేరింది. కుడి వైపుది కూడా అరిగే ఉంది కాబట్టి రెండూ మార్పించాను. షాక్ అబ్జార్బర్ల ఖర్చుతో పోలిస్తే లింక్ రాడ్లది చాలా తక్కువ.

టకటక పోయాక, అప్పటిదాకా దాని చాటున ఉన్న మరో శబ్దం బయటపడింది. గుంటూరు హైవే మీద 60 దాటితే సన్నగా గుంయ్‌మని మోత. టైర్లేమో అనుకోవచ్చు. కానీ టైరు మోతయితే సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా ఉంటుంది. ఇది ఎక్కడైనా ఒకేలా ఉంది. న్యూట్రల్‌లో పెట్టినా వస్తోంది, అంటే ఇంజను కాదు. కుడి వంపులో మోత పెరిగి, ఎడమ వంపులో తగ్గుతోంది. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, కాబట్టి అనుమానం ఎడమ బేరింగ్ మీదే. పెద్దాయన చక్రం లేపి చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టమన్నారు. లోపల ఇసుక నలుగుతున్నట్టు సన్నటి వణుకు వేళ్లకి తగిలింది. పాత బేరింగ్‌ని ప్రెస్ మిషన్‌తో నొక్కి తీసి, కొత్తది వేశారు. ఆ పనికి స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసి ఉండే భాగం) బోల్టులు విప్పాల్సి వచ్చింది కాబట్టి వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాను.

శబ్దం కాని ఇంకో ఇబ్బంది ఎండాకాలంలో వచ్చింది. ముందు ఎడమ సీటు కింద కార్పెట్ తడిసిపోయింది. మా నాన్నగారు రేడియేటర్ లీకేమోనని టెన్షన్ పడ్డారు. ముట్టుకుని చూస్తే మామూలు నీళ్లు. రేడియేటర్‌లో ఉండే కూలెంట్ అయితే జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటుంది. విజయవాడ ఉక్కలో ఏసీ నుంచి నీళ్లు బాగానే కారతాయి, అవి బండి కిందకి పోవాలి. డ్రెయిన్ పైపులో దుమ్ము అడ్డుపడి లోపలికి వచ్చాయి. కింద నుంచి పైపు శుభ్రం చేస్తే సరిపోయింది. కార్పెట్ మాత్రం తీసి ఎండబెట్టాల్సిందే, లేకపోతే వాసన పోదు.

వానాకాలం పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటే అది డిస్క్ మీద రాత్రి పట్టిన పల్చని తుప్పు, దానంతటదే పోతుంది. రోజంతా కీచుమంటుంటే మాత్రం బ్రేక్ ప్యాడ్లు తీసి, ఎంత మందం మిగిలిందో చూడాలి. 3 మిల్లీమీటర్లకి వచ్చాయంటే నేను మార్పించేస్తాను. ఇనుముకి ఇనుము రాసుకుంటున్న శబ్దం వస్తుంటే ఆ బండిలో ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని హైవే ఎక్కకండి.