పనస దిమ్మ, పాత ద్వారబంధం, ఆరు తీగలు

గిటార్ చేస్తానంటే మా పెద్దనాయిన ముందు అడిగింది ఒక్కటే: "కర్ర ఏది?" ఆయన ముషీరాబాద్‌లో 40 ఏళ్లు తలుపులు, ద్వారబంధాలు చేసిన మనిషి. నేను కాగితం మీద గీసుకున్న బొమ్మ చూపిస్తుంటే ఆయన చూపు డిపోలో ఓ మూలన ఆరిన పనస దిమ్మ మీద ఉంది. బొబ్బిలి వీణ పనస కర్రతోనే చేస్తారు. వీణకు పనికొచ్చింది గిటార్‌కు ఎందుకు పనికిరాదు అన్నాడు. నాకూ కాదనడానికి కారణం కనిపించలేదు.

నాకు కావలసింది రెండు గొంతులున్న గిటార్. ఆంప్‌లో పెడితే ఎలక్ట్రిక్‌లా పలకాలి, నాబ్ తిప్పితే అకౌస్టిక్‌లా వినిపించాలి. పూర్తిగా డొల్లగా ఉన్న గిటార్‌ని గట్టి శబ్దం ముందు పెడితే పైచెక్క ఆ శబ్దానికే అదిరి కూత పెడుతుంది. మధ్యలో గట్టి దిమ్మ వదిలేస్తే ఆ కూత చాలావరకు అణుగుతుంది. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దుంగకి తీగలు బిగించి, ఇరుపక్కలా ఓ గిటార్ ఒంటి సగాలు తగిలించి చూశాడు. 1958లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఈఎస్-335 గిటార్ లోపల ఉన్నదీ అలాంటి మధ్య దిమ్మే. నేనూ పనస దిమ్మలో నడుమ నాలుగంగుళాలు ముట్టుకోకుండా, రెండు పక్కలా తొలిచేయాలనుకున్నాను.

తొలవడానికి మూడు ఆదివారాలు పట్టింది. రౌటర్‌తో లోతు తీసి, మూలలు ఉలితో సరిచేశాను. పనస పొట్టు పసుపు దంచినట్టు పచ్చగా ఉంటుంది, చేతులకీ బనియన్‌కీ అంటుకుంటే ఓ పట్టాన వదలదు. రెండున్నర కేజీల దిమ్మ కేజీన్నరకు వచ్చింది. వెనక వైపు ఆరు మిల్లీమీటర్ల మందం మిగలాలని నా లెక్క. పైచెక్క కోసం అదే కర్రలోంచి ఒక పలకని నిలువునా రెండుగా కోసి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికించాను. మధ్య గీతకి అటూ ఇటూ రేఖలు అద్దంలోలా కలిశాయి. ఆ రోజు పెద్దనాయిన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

నెక్‌కి ఆయనే పాత టేకు ద్వారబంధం ముక్క ఇచ్చాడు. కూల్చిన ఇంటి నుంచి వచ్చింది, ఎన్నో ఎండలు, వానలు చూసి చేవదేలిన కర్ర. ఇక వంకర పోదన్న నమ్మకం అక్కడే. కానీ టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే వెంటనే అతికించాలి. అందులో సిలికా కూడా ఉండటంతో చిత్రిక బ్లేడు గంటకోసారి నూరుకోవాల్సి వచ్చింది. పది గేజ్ తీగలు ఆరూ శ్రుతిలో ఉంటే నెక్ మీద సుమారు 45 కేజీల లాగుడు పడుతుంది. అందుకే కర్ర మీద ఎంత నమ్మకమున్నా లోపల ట్రస్ రాడ్, అంటే నెక్ వంగకుండా ఆపే ఇనుప కడ్డీ, వేశాను.

అసలు పరీక్ష ఫ్రెట్‌బోర్డు, అంటే మెట్లు కూర్చే పలక, దగ్గర వచ్చింది. రోజ్‌వుడ్ పలక, 648 మిల్లీమీటర్ల స్కేల్, అంటే తీగ మోగే పొడవు. మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు ఎంత దూరమో తెలుస్తుంది. మొదటిది 36.37, రెండోది దానికి ఇంకో 34.33. నేను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి కొలుచుకుంటూ, గీత గీసి రంపంతో గాడి కోసుకుంటూ పోయాను. 12వ మెట్టు స్కేల్‌కి సరిగ్గా సగంలో, 324 దగ్గర ఉండాలి. కోశాక చూస్తే 326 దగ్గర ఉంది. ఒక్కో గీతకి వెంట్రుకవాసి తేడా, పన్నెండు గీతలకి రెండు మిల్లీమీటర్లయింది. ఆ తేడాతో పన్నెండో మెట్టు స్వరం పక్క స్వరం వైపు పదో వంతు జరిగిపోతుంది. చెవి ఒప్పుకోదు. వీణ మెట్లు మైనంలో కూర్చుతారు కాబట్టి వింటూ జరుపుకోవచ్చు. కోసిన గాడిని జరపలేం. మంచి రోజ్‌వుడ్ పలక పాడైంది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

పెద్దనాయిన పలక చేతిలోకి తీసుకుని చూశాడు. "గిట్ల కాదురా. ద్వారబంధానికైనా కొలత ఒక్క కాడి నుంచే పట్టాలె. గీత మీద గీత పెట్టుకుంట పోతే తప్పు కూడ పెరుగుకుంట పోతది." తలుపు పనిలో ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సర్దుకోవచ్చని ఆయనే అంటుంటాడు. కానీ ఆయన కొలత పట్టే పద్ధతిలో ఆ సడలింపు ఎప్పుడూ లేదు. రెండో పలకకి అన్ని గీతలూ నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచే కొలిచాను. స్టీల్ స్కేల్‌ని టేపుతో పలకకి అంటించి, ఒక్కసారి కూడా జరపకుండా గీశాను. 12వది 324 మీద కూర్చుంది.

వైరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది: రాగి టేపు, 500కే పాట్‌లు, స్టీరియో జాక్, టీఎల్072 చిప్. శాడిల్ (ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) కింద పెట్టిన పీజోని, అంటే తీగల అదురుని విద్యుత్ సంకేతంగా మార్చే ముక్కని, నేరుగా ఆంప్‌కి కలిపితే మంద్రమంతా పోయి రేకులా మోగుతుంది. దాని సంకేతాన్ని అందుకోవడానికి మధ్యలో చిన్న ప్రీఆంప్ ఉండాలి, దానికి 9 వోల్టుల బ్యాటరీ. జాక్ స్టీరియోది ఎందుకంటే కేబుల్ తీయగానే బ్యాటరీ ఆగిపోతుంది. పీజో, హంబకర్ (తీగల కింద పెట్టిన అయస్కాంత పికప్, ఎలక్ట్రిక్ గొంతు దీనిదే) విడివిడిగా బాగానే పలికాయి. కలిపితే మాత్రం మంద్ర స్వరాలు మాయమయ్యాయి. రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని సంకేతం పైకి ఊగితే ఇంకోదానిది కిందికి ఊగుతోంది. హంబకర్ రెండు వైర్లు తారుమారు చేయగానే గొంతు నిండింది.

జులై వానలకి పైచెక్క కొద్దిగా ఉబ్బి తీగలు ఎత్తయ్యాయి. శాడిల్‌ని అడుగున కాస్త అరగదీసి సర్దాను. ఎండాకాలం మళ్ళీ కిందికి దిగితే వేయడానికి ఇంకో ఎత్తు శాడిల్ చేసి పక్కన పెట్టుకున్నాను.

మొదటిసారి తీగలు బిగించిన సాయంత్రం పెద్దనాయిన గిటార్ తిరగేసి, వేళ్ళతో వెనక్కి తట్టి చెవి పెట్టాడు. కుడి పక్క, ఎడమ పక్క, మళ్ళీ కుడి పక్క.

"ఎడమ దిక్కు కొంచెం మందమున్నది."

కర్ర ఇంకా అతికించని రోజుల్లో రాసుకున్న నోటుబుక్కు తెరిచాను. కుడి అడుగు 6, ఎడమ అడుగు 7.5.