పండగ పని ఒక్కరి మీదే పడితే

పండగ అలవాట్లు ఒక్కసారిగా పోవు. పెద్దవాళ్లకు ఓపిక తగ్గుతుంది, ఒకరు ఊరు మారతారు, ఇంకొకరికి పెళ్లవుతుంది. చివరికి ఒక ఏడాది ఎవరింట్లో వాళ్లు ఉండిపోతారు. అప్పుడు హడావిడిగా కొత్తదేదో మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరినీ, పిల్లలతో సహా, ఒకే ప్రశ్న అడగండి: "ఏది లేకపోతే నీకు పండగలా ఉండదు?" ఒక్కటే చెప్పాలి. విడివిడిగా అడగాలి. అందరినీ కూర్చోబెట్టి అడిగితే ఇంటిపెద్ద అన్నదానికే మిగతావాళ్లు తలూపుతారు. జవాబులు చూశాక చాలా ఇళ్లలో ఆశ్చర్యపోతారు. రెండు రోజులు నడుం పడిపోయేలా చేసిన పని ఎవరి నోటా రాదు. ముందురోజు రాత్రి హాల్లో అందరికీ వరసగా పక్కలు వేయడం మాత్రం ముగ్గురు చెబుతారు.

ఎవరూ చెప్పనిది తీసేయొచ్చు. కాకపోతే ఇన్నేళ్లూ ఆ పని చేసినావిడకు ఆ మాట ముందుగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి. నలుగురిలో తెలిస్తే తన కష్టాన్నే కొట్టిపారేసినట్టు అనిపిస్తుంది.

కొత్తగా పెట్టుకునేది గంటలో అయిపోవాలి. పూర్తిగా చేయడం కనీసం ఇద్దరికి రావాలి. ఏ ఒక్కరు రాకపోయినా ఆగకూడదు. మొదటి ఏడాదే దానికి ఆచారం అని పేరు పెట్టకండి, "ఈసారి చేసి చూద్దాం" అంటే చాలు. రెండోసారి పిల్లలే గుర్తుచేస్తే అది నిలబడ్డట్టు.

పెళ్లిళ్లయ్యాక వచ్చే చిక్కు వంతులది. సరి సంవత్సరం ఇటు, బేసి సంవత్సరం అటు అని చాలామంది అనుకుంటారు, మంచిదే. కానీ అన్న సరి, చెల్లెలు బేసి ఎంచుకుంటే ఇద్దరూ అమ్మానాన్నల దగ్గర ఎప్పటికీ కలవరు. తోడబుట్టినవాళ్లంతా ఒకే లెక్కలో ఉండాలి. అవతలి వైపు బావమరుదులు, వదినల లెక్క కూడా ముందే కనుక్కోండి. రెండిళ్లూ సరి సంవత్సరమే కావాలంటే తేదీ పట్టుకుని వేలాడకుండా, ఒక ఇంటివాళ్లు పండగ తర్వాతి ఆదివారం కలవాలి. సెలవు దొరకడమూ తేలికే.

ఎవరు ఎవరికి బహుమతి ఇవ్వాలో చీట్లు తీసి తేల్చుకునేవాళ్లకు ఒక మాట. పదిమంది పేర్లు గిన్నెలో వేసి తలా ఒకటి తీస్తే, కనీసం ఒకరికి సొంత పేరే వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. అందుకే ప్రతిసారీ "మళ్లీ తీయండి" అనాల్సివస్తుంది. దానికి బదులు అందరూ పేర్లు రాసి ఒకరికి ఇవ్వాలి. ఆ మనిషి చీట్లు కలిపి బల్ల మీద గుండ్రంగా పరవాలి. ప్రతి ఒక్కరూ తన చీటీకి కుడిపక్కనున్న చీటీలోని మనిషికి ఇస్తారు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే ఒక చీటీ జరపాలి. పరిచిన మనిషికి గుట్టు తెలిసిపోతుంది కాబట్టి ఈ పని ఏడాదికొకరు చేయండి. ఖర్చుకు పైహద్దు పెట్టేటప్పుడు ఇంట్లో సంపాదన తక్కువున్నవాళ్లను చూసి పెట్టండి.

పెద్దావిడ చేతి వంట రాసుకోవాలంటే ఆవిడను కొలతలు అడిగి లాభం లేదు. చెప్పేది ఒకటి, వేసేది ఒకటి. మొదలుపెట్టకముందే ప్రతి డబ్బానూ కాటా మీద తూచి బరువు రాసిపెట్టుకోండి. వంట అయ్యాక మళ్లీ తూచండి. తగ్గినదే ఆవిడ గుప్పెడు. మధ్యలో చేతికి అడ్డం పడక్కర్లేదు. పొయ్యి మంట ఎప్పుడు తగ్గించిందో మాత్రం పక్కన నిలబడి టైముతో రాసుకోవాలి, అది కాటా చెప్పదు.

దూరాన ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్క వినపడదు. రెండువైపులా ఒకే పని చేస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడుకుంటే సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు గడియారం జరిపే దేశాల్లో ఉంటే కిందటి పండగ టైము ఈసారి గంట తేడా రావచ్చు, చూసుకోండి.

ఒక మనిషి పోయాక ఆవిడో ఆయనో చేసే పనిని మొత్తంగా ఇంకొకరి చేతిలో పెట్టకండి. మొదటి రోజే పోలికలు మొదలై, ఆ తీసుకున్నవాళ్లు మరుసటేడు తప్పుకుంటారు. ముక్కలు చేసి ముగ్గురికి పంచితే ఎవరినీ పక్కన పెట్టి పోల్చడం కుదరదు.